ప్రియోరాట్ వైన్: పలకరాయి కొండలు, వాటి పేరు చుట్టూ పడిన చిక్కుముళ్ళు

స్పెయిన్‌కు ఈశాన్య మూలన కాటలోనియా ఉంది. అక్కడి టారగోనా అనే సముద్రతీర నగరం నుంచి కొండల్లోకి వెళితే ఫల్సెట్ అనే చిన్న ఊరు వస్తుంది. ప్రియోరాట్ అనే తాలూకాకు అదే ముఖ్యపట్టణం. అయినా ఆ ఊళ్ళో తయారయ్యే వైన్ సీసాల్లో చాలావాటి మీద 'ప్రియోరాట్' అని రాయడానికి వీల్లేదు. 'మోంట్‌సాంట్' అని రాయాలి. పది కిలోమీటర్ల అవతల గ్రతాల్యోప్స్ అనే పల్లెలో తయారైతే మాత్రం దర్జాగా ప్రియోరాట్ అనొచ్చు. ధర కూడా మారిపోతుంది. మోంట్‌సాంట్‌లో పది యూరోలకే మంచి సీసా దొరుకుతుంది. గ్రతాల్యోప్స్ కొండవాలు మీది ఒకానొక తోట వైన్ వెయ్యి యూరోలు దాటుతుంది.

యూరప్‌లో ఉంటున్నవాళ్ళో, అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళో దుకాణంలో ఈ రెండు పేర్లూ పక్కపక్కనే చూసి తికమకపడటం మామూలే. ఒకే తాలూకా, ఒకే ఎండ, చాలావరకు అవే ద్రాక్ష రకాలు. మరి పేరెందుకు రెండు, ధర ఎందుకింత తేడా? వైన్ తాగేవాళ్ళకే కాదు, పొలం గురించీ పంట గురించీ ఆసక్తి ఉన్న ఎవరికైనా ఇందులో తెలుసుకోదగ్గ సంగతులు చాలా ఉన్నాయి.

పేరు మీద హక్కు అంటే ఏమిటి

మనకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, బాగానే పరిచయం. పోచంపల్లి ఇక్కత్, తిరుపతి లడ్డు, బంగినపల్లి మామిడి అన్నీ ఆ గుర్తింపు ఉన్నవే. ఫలానా చోట, ఫలానా పద్ధతిలో తయారైతేనే ఆ పేరు వాడుకోవాలన్నది దాని సారాంశం. స్పెయిన్‌లో వైన్లకు ఇలాంటి గుర్తింపును డీఓ అంటారు. హద్దులు ఏవి, ఏ రకం ద్రాక్ష వేయాలి, హెక్టారుకు ఎంత దిగుబడి మించకూడదు, ఆల్కహాల్ కనీసం ఎంత ఉండాలి, ఇవన్నీ డీఓ నిబంధనల్లో ఉంటాయి. వాటిని అమలు చేయడానికి ఒక నియంత్రణ మండలి ఉంటుంది.

డీఓ కంటే పై మెట్టు ఇంకొకటి ఉంది. స్పానిష్‌లో దాన్ని డీఓసీఏ అంటారు, కాటలాన్ భాషలో డీఓక్యూ. అక్షరాలు వేరైనా హోదా ఒక్కటే. దేశం మొత్తం మీద ఈ హోదా రెండు ప్రాంతాలకే ఉంది. 1991లో రియోహాకు వచ్చింది. ప్రియోరాట్‌కు కాటలోనియా ప్రభుత్వం 2000లోనే ఇచ్చినా, మాడ్రిడ్‌లోని కేంద్ర ప్రభుత్వం 2009లో గానీ ఖాయం చేయలేదు. ఆ మధ్యకాలంలో వచ్చిన పుస్తకాల్లో కొన్ని ఒక రకంగా, కొన్ని ఇంకో రకంగా రాయడానికి కారణం ఇదే.

ఇక్కడ బంగినపల్లితో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. బంగినపల్లి అనేది నంద్యాల జిల్లాలో ఒక ఊరు. కానీ ఆ పేరున్న మామిడి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో జిల్లాల్లో కాస్తుంది. అంటే పేరు ఊరు దాటి పాకింది. ప్రియోరాట్‌లో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. పరిపాలనలో ఆ పేరు పెద్ద తాలూకా అంతటికీ పరుచుకుంది. వైన్ విషయంలో మాత్రం పాత చిన్న హద్దుల్లోనే ఉండిపోయింది.

రెండు ప్రియోరాట్‌లు ఎలా వచ్చాయి

1194లో ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ నుంచి కార్తూసియన్ సన్యాసులు వచ్చి మోంట్‌సాంట్ కొండ కింద మఠం కట్టుకున్నారు. ఈ సంప్రదాయానికి ఐబీరియా ద్వీపకల్పంలో అదే మొదటి మఠం. స్థలం కోసం వెతుకుతూ వచ్చినవాళ్ళకు ఒక గొర్రెల కాపరి ఎదురై, ఇక్కడొక పెద్ద పైన్ చెట్టు మీది నుంచి దేవదూతలు నిచ్చెన వేసుకుని స్వర్గానికి ఎక్కిపోవడం చూశానన్నాడట. అందుకే మఠానికి స్కాలా దేయ్ అని పేరు పెట్టారు. దేవుడి నిచ్చెన అని అర్థం. ఆ మఠాధిపతిని ప్రియర్ అంటారు. ఆయన ఏలుబడిలో ఉన్న ఊళ్ళ సమూహమే ప్రియోరాట్.

ఫల్సెట్ ఎప్పుడూ ఆ మఠం కిందికి రాలేదు. అది వేరే ప్రభువుల ఊరు. అసలు ముడి ఇక్కడ పడింది. 1936లో కాటలోనియాను తాలూకాలుగా విడగొట్టినప్పుడు, ఫల్సెట్ ముఖ్యపట్టణంగా ఒక పెద్ద తాలూకా ఏర్పాటు చేసి దానికి పక్కనున్న చారిత్రక ప్రాంతం పేరు పెట్టారు. 1954లో వైన్ గుర్తింపు నిబంధనలు వచ్చినప్పుడు హద్దులు పాత మఠం ఊళ్ళకూ వాటిని ఆనుకుని ఉన్న పలకరాతి నేలలకూ పరిమితమయ్యాయి. ఫల్సెట్ భూముల్లో ఉత్తరపు ముక్క ఒక్కటే లోపలికి వచ్చింది. మిగిలిన తాలూకా చాలాకాలం టారగోనా డీఓలో ఒక ఉపప్రాంతంగా ఉండి, ఈ శతాబ్దం మొదట్లో విడిపోయి మోంట్‌సాంట్ డీఓ అయింది. పటం చూస్తే గారె ఆకారం గుర్తొస్తుంది. మధ్యలో చిల్లు ప్రియోరాట్, చుట్టూ పిండి మోంట్‌సాంట్.

మరి ఈ హద్దు వట్టి చరిత్ర వల్లనేనా, నేలలో కూడా తేడా ఉందా?

కాళ్ళ కింద పలకలు

మార్కాపురం పలకలు తెలియని తెలుగువాళ్ళు తక్కువ. బడికి చంకన పెట్టుకుని వెళ్ళిన నల్లరాతి పలక ఆ జాతిదే. ప్రియోరాట్ కొండలు ఇలాంటి పలకరాయితోనే తయారయ్యాయి. కాటలాన్‌లో దాన్ని లికొరెల్లా అంటారు. నలుపు, ముదురు గోధుమ రంగుల్లో పొరలు పొరలుగా ఉంటుంది, ఎండలో మైకా తళుక్కుమంటుంది. కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద, నేల ఒత్తిడికి నలిగి రాయైంది. ఆ పొరలు తర్వాత నిటారుగా, ఏటవాలుగా తిరగబడ్డాయి. అందుకే పొరల మధ్య సందులు పైకి తెరుచుకుని ఉంటాయి.

వ్యవసాయం పరంగా ఈ సందులే ముఖ్యం. పైన మట్టి జానెడు కూడా ఉండదు. సారం తక్కువ, నీళ్ళు నిలవవు. పడ్డ వాన పగుళ్ళలోంచి లోపలికి జారిపోతుంది. తీగ బతకాలంటే వేరు కూడా ఆ పగుళ్ళ వెంటే కిందికి దిగాలి. ఏడాదికి పడే వాన సుమారు 400 నుంచి 600 మిల్లీమీటర్లు, అంటే మన అనంతపురం జిల్లా వానంత. తేడా ఏమిటంటే అక్కడ వేసవిలో చుక్క పడటమే అరుదు. పండు ముదిరే నెలల్లో తీగకు లోతు నుంచి అందే తడే గతి. దాంతో గుత్తులు తక్కువ, పండ్లు చిన్నవి, తోలు మందం. రంగూ వగరూ వాసనా ఎక్కువగా తోలులోనే ఉంటాయి కాబట్టి రసం చిక్కగా వస్తుంది.

రాతిలోని ఖనిజాల రుచి నేరుగా వైన్‌లోకి వస్తుందని చాలామంది అంటారు. సీసా వెనక కూడా అలాగే రాస్తారు. దాన్ని అక్షరాలా నమ్మనక్కర్లేదు. వేరు రాయిని పీల్చదు, నీళ్ళలో కరిగిన పోషకాలను పీలుస్తుంది. వాటిలో వైన్‌కు చేరేవి బహుకొద్ది. రాయి చేసే పని పరోక్షమైనది. తీగను ఆకలితో, దాహంతో ఉంచడం, పగటి వేడిని దాచుకోవడం. రుచిలో తేడా మాత్రం నిజంగానే ఉంటుంది.

మోంట్‌సాంట్ వైపు వెళితే నేల ఒక్క తీరుగా ఉండదు. సున్నపురాయి కలిసిన బంకమన్ను, ఫల్సెట్ దగ్గర గ్రానైట్ ఇసుక, అక్కడక్కడా పలకరాయి కూడా. కాబట్టి హద్దు పూర్తిగా కాగితం మీది గీత కాదు, అలాగని రాతి మీది గీతా కాదు. పలకరాయి తోట ఉండి కూడా మోంట్‌సాంట్ వైపు పడిపోయిన రైతులు ఉన్నారు. వాళ్ళ వైన్ లేబుల్ చూడకుండా రుచి చూస్తే ఏ వైపుదో చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే. కొనేవాళ్ళకు ఇది లాభసాటి సంగతి. ఆ రైతులకు మాత్రం మనసులో ముల్లే.

పురుగు, వలస, మళ్ళీ మొలక

1835లో స్పెయిన్ ప్రభుత్వం మఠాల భూములు స్వాధీనం చేసుకుని అమ్మేసింది. స్కాలా దేయ్ పాడుబడింది. భూములు చేతులు మారాయి. అయినా సాగు ఆగలేదు సరికదా, పెరిగింది. 1860ల తర్వాత ఫ్రాన్స్ తోటలను ఫైలోక్సెరా అనే పురుగు నాశనం చేయసాగింది. వేళ్ళను పీల్చే పేను లాంటిది అది. అక్కడి వ్యాపారులు వైన్ కోసం ఇటువైపు ఎగబడ్డారు. కొండ నెత్తి దాకా తీగలు నాటారు. 1893 ప్రాంతంలో ఆ పురుగు ఇక్కడికే వచ్చింది. తోటలు ఎండిపోయాయి. అమెరికా జాతి వేరుమొద్దు మీద అంటు కట్టి మళ్ళీ నాటడం ఒక్కటే మందు. అది అందరివల్లా కాలేదు. జనం బార్సిలోనాకు, రేయుస్‌కు, టారగోనాకు వలసపోయారు. మిగిలినవాళ్ళు పండించిన ద్రాక్ష సహకార సంఘాలకు చేరేది. అక్కడి నుంచి వైన్ పీపాల లెక్కన వెళ్ళిపోయేది. పల్చని వైన్‌కు బలం పట్టించడానికి ఇతర ప్రాంతాలవాళ్ళు దీన్ని కలుపుకునేవారు. ఒకప్పుడు వేల హెక్టార్లున్న తోటలు 1970ల చివరికి కొన్ని వందల హెక్టార్లకు కుదించుకుపోయాయి.

ఆ తర్వాతి కథ చాలాసార్లు చెప్పినదే. 1979లో రెనే బార్బియే అనే వైన్ తయారీదారు గ్రతాల్యోప్స్‌లో భూమి కొన్నాడు. ఆయన చుట్టూ కొందరు మిత్రులు చేరారు. రియోహా కుటుంబంలో పుట్టిన ఆల్వారో పలాసియోస్, కార్లెస్ పస్త్రానా, జోసెప్ లుయిస్ పెరెస్, డాఫ్నీ గ్లోరియన్. చేతిలో డబ్బు తక్కువ కాబట్టి 1989 పంటను అంతా కలిసి ఒకే సెల్లార్‌లో, అంటే వైన్ తయారీశాలలో, తయారు చేసుకున్నారు. అదే వైన్ వేర్వేరు పేర్లతో బయటికి వచ్చింది. క్లోస్ మొగదోర్, క్లోస్ దొఫీ, క్లోస్ దె లొబాక్, క్లోస్ మర్తినెట్, క్లోస్ ఎరాస్మస్. అలా కలిసి చేసింది కొన్నేళ్ళే. తర్వాత ఎవరి దారి వాళ్ళది. 1993లో పలాసియోస్ తీసిన 'లెర్మితా' ప్రపంచం దృష్టిని ఇటు తిప్పింది. 2000ల్లో క్లోస్ ఎరాస్మస్‌కు అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ పత్రిక నుంచి నూటికి నూరు మార్కులు వచ్చాయి.

ఈ కథ వల్ల ఒక అపోహ కూడా ఏర్పడింది. అంతకుముందు ఇక్కడ మంచి వైనే లేదన్నట్టు మాట్లాడతారు. అది న్యాయం కాదు. 1970ల్లోనే స్కాలా దేయ్ సెల్లార్ తన పేరుతో సీసాలు నింపింది. ఇక ఊళ్ళలో ముసలి తీగలను నరికివేయకుండా, లాభం లేకపోయినా ఏటేటా కత్తిరించి కాపాడినవాళ్ళు లేకపోతే ఐదుగురు మిత్రులకు తీయడానికి పంటే ఉండేది కాదు. వాళ్ళ పేర్లు ఏ లేబుల్ మీదా లేవు. ప్రియోరాట్ గురించి రాసే ప్రతిచోటా ఈ మాట ఒక్కటైనా ఉండాలని నాకనిపిస్తుంది.

పేర్ల చిక్కు ఇక్కడా ఉంది. దుకాణాల్లో 'రెనే బార్బియే' అని చవక సీసాలు కనిపిస్తాయి. అది ఆ కుటుంబం చేతిలోంచి ఎప్పుడో పోయి, ఫ్రెషెనెట్ సంస్థకు చేరిన బ్రాండ్. గ్రతాల్యోప్స్‌లోని బార్బియేకు దానితో సంబంధం లేదు. తన పేరే ఇంకొకరి బ్రాండ్ అయిపోయిన పరిస్థితి ఆయనది.

ధర ఎక్కడి నుంచి వస్తుంది: ఒక లెక్క

ప్రియోరాట్ నిబంధనల ప్రకారం ఎర్ర వైన్ ద్రాక్షకు హెక్టారుకు 6,000 కిలోలు మించకూడదు. ఎకరాల్లో చెప్పాలంటే సుమారు 24 క్వింటాళ్ళు. మన దగ్గర పందిరి మీద కాసే తినే ద్రాక్ష ఎకరానికి ఎనిమిది, పది టన్నులు రావడం మామూలు. ఇక ప్రియోరాట్‌లో ఆ గరిష్ఠ పరిమితి దాకా వచ్చే తోటలు తక్కువ. ముసలి తీగలైతే మొక్కకు కిలో కూడా రానివి ఎన్నో.

రెండు తోటలు ఊహించుకుందాం. ఖర్చుల అంకెలు నేను లెక్క కోసం పెట్టుకున్నవే. మొదటిది ట్రాక్టర్ తిరిగే చదును నేల, హెక్టారుకు 6,000 కిలోలు. రెండోది నిటారు వాలు, ముసలి తీగలు, 1,500 కిలోలు. కిలోన్నర ద్రాక్షకు లీటరు వైన్ అనుకుంటే మొదటి తోటలో 4,000 లీటర్లు, అంటే ముప్పాతిక లీటరు సీసాలు 5,333. రెండో తోటలో 1,000 లీటర్లు, 1,333 సీసాలు. చదును నేలకు ఏడాది సాగు ఖర్చు 8,000 యూరోలు అనుకుందాం. వాలు మీద మనిషి, కంచరగాడిద తప్ప ఏదీ నిలవదు కాబట్టి దానికి మూడింతలు, 24,000 అనుకుందాం. సీసాకు పడే సాగు ఖర్చు మొదటి చోట యూరోన్నర, రెండో చోట 18 యూరోలు. పన్నెండు రెట్లు! పీపా, సీసా, రవాణా, పన్నులు ఇంకా కలపనేలేదు.

ఈ లెక్కతో వాలు తోట వైన్ ముప్పై, నలభై యూరోలు ఎందుకుంటుందో తెలుస్తుంది. వెయ్యి యూరోలు ఎందుకుంటుందో తెలియదు. ఆ పై అంతా అరుదు, పేరు, గిరాకీ. సాగు ఖర్చు ఎంత లాగినా అక్కడిదాకా చేరదు. ఈ రెంటినీ కలిపేసి 'కొండ సాగు కాబట్టి అంత ధర' అని చెప్పడం సరికాదు.

వాలు మీదా, మెట్ల మీదా

ఇక్కడి తోటల్లో కొన్ని 60 శాతం వాలున్నవి. అంటే అడ్డంగా వంద మీటర్లు నడిస్తే అరవై మీటర్లు ఎక్కినట్టు. ఇలాంటి వాలును కొస్తేర్ అంటారు. పాతకాలంలో నేరుగా వాలు మీదే, పందిరీ తీగలూ లేకుండా, పొదలాగా నాటేవారు. 1990ల్లో డబ్బు రావడం మొదలయ్యాక చాలామంది పొక్లెయిన్లు తెచ్చి కొండను మెట్లుమెట్లుగా చెక్కారు.

మెట్లు కట్టినవాళ్ళ వాదనలో బలం ఉంది. ట్రాక్టర్ తిరుగుతుంది, కూలీల కొరత తీరుతుంది, పనివాళ్ళకు ప్రమాదం తగ్గుతుంది. ఊళ్ళో యువకులు వ్యవసాయంలో నిలవాలంటే నడుం విరిగే పని తగ్గాలి కదా అంటారు. వద్దనేవాళ్ళ మాటా కొట్టిపారేసేది కాదు. మెట్టు చెక్కినప్పుడు పైనున్న కొద్దిపాటి మట్టి, కింది రాతి పొరలు కలగాపులగమైపోతాయి. హెక్టారుకు పట్టే తీగల సంఖ్య తగ్గుతుంది. గట్టి వాన వస్తే గట్లు తెగుతాయి. కొండ రూపమే మారిపోతుంది. ఈ మధ్య కొత్తగా నాటేవాళ్ళలో మళ్ళీ కొస్తేర్ వైపు మొగ్గేవాళ్ళు కనిపిస్తున్నారు. కానీ అది పెట్టుబడి తట్టుకోగలవాళ్ళ ఎంపిక అన్నది మరిచిపోకూడదు. సహకార సంఘానికి కిలోల లెక్కన అమ్ముకునే రైతుకు మెట్లే దారి.

ఏది అసలైన రుచి

ఈ నేలకు పాత రకాలు రెండు. గర్నాచా, కరిన్యేనా. రెండోదాన్ని సంసో అని కూడా పిలుస్తారు. 1989 బృందం వీటికి ఫ్రాన్స్ రకాలైన కాబెర్నే సొవిన్యోన్, సిరా, మెర్లో కలిపింది. కొత్త ఓక్ పీపాల్లో నిలవ చేసింది. చిక్కగా, నల్లగా, బలంగా ఉండే ఆ వైన్లే పేరు తెచ్చాయి. ఆ బలానికి కారణం చక్కెర. ఒక శాతం ఆల్కహాల్ రావాలంటే లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులియాలి. 15 శాతం కావాలంటే 255 గ్రాములు. ప్రియోరాట్ ఎండకు గర్నాచా ఆ తీపిని సునాయాసంగా అందుకుంటుంది.

2000ల తర్వాత ఎదురుగాలి వీచింది. తొర్రోజా ఊళ్ళో తెర్రోయిర్ అల్ లిమిట్ వంటి సెల్లార్లు ద్రాక్షను ముందుగానే కోసి, చిన్న కొత్త పీపాలు మానేసి, పెద్ద పాత పీపాల్లో, సిమెంటు తొట్టెల్లో తేలిక వైన్లు చేయసాగాయి. పాత పద్ధతివాళ్ళు దాన్ని ప్రియోరాట్ బలం పోగొట్టుకోవడం అంటారు. కొత్తవాళ్ళేమో పీపా వాసన తొలగితేనే రాయి మాట్లాడుతుందంటారు. నిజానికి అంతకు ముందటి తరాల రుచి ఈ రెంటిలో ఏదీ కాదు. అప్పటివాళ్ళకు ఇష్టమైనది ఏళ్ళ తరబడి గాలి తగిలేలా ఉంచి మగ్గబెట్టిన రాన్సి అనే వైన్. ఊళ్ళలో కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ ఒక పాత పీపా ఉంటుంది.

పొలం పేరు సీసా మీదికి ఎక్కిన తీరు

రియోహాలో వైన్‌కు అంతస్తులు కాలాన్ని బట్టి ఏర్పడ్డాయి. రెండేళ్ళు నిలవ ఉంచితే క్రియాన్సా, మూడేళ్ళకు రిసెర్వా, ఐదేళ్ళకు గ్రాన్ రిసెర్వా. ప్రియోరాట్ ఎంచుకున్న నిచ్చెన వేరు. అది స్థలాన్ని బట్టి ఎక్కుతుంది.

అన్నిటికంటే కింద మొత్తం ప్రాంతం పేరు. దాని మీద ఊరి వైన్, కాటలాన్‌లో వి దె విలా. పన్నెండు ఊళ్ళకు, ఊళ్ళ భాగాలకు ఈ హక్కు ఉంది. ఇంకా పైకి వెళితే పరాజ్. అంటే ఊళ్ళో వాడుకలో ఉన్న పొలం పేరు. మన ఊళ్ళల్లో 'చెరువు కింది మడి', 'గుట్ట మీది చేను', 'మర్రి కాడి పొలం' అనుకుంటాం కదా, సరిగ్గా అలాంటివే. ముసలివాళ్ళను అడిగి, పాత దస్తావేజులు తిరగేసి, అలాంటి పేర్లు 459 గుర్తించి పటంలో గీశారు. ఆ పైన వర్గీకృత తోట, అన్నిటికంటే పైన మహా వర్గీకృత తోట. గ్రతాల్యోప్స్‌లోని లెర్మితా, పొర్రేరాలోని మాస్ దె లా రోసా ఈ చివరి మెట్టు మీద ఉన్నాయి.

ఉదాహరణకు మూడు సీసాలు తీసుకుందాం. ఒకదాని మీద ప్రియోరాట్, డీఓక్యూ అని మాత్రమే ఉంది. అంటే ఆ ప్రాంతంలో ఏ ఊరి ద్రాక్షైనా కలిసి ఉండొచ్చు. రెండోదాని మీద వి దె విలా, పొర్రేరా అని ఉంది. అంటే పొర్రేరా పొలాలదే, ఇంకో ఊరైన బెల్మున్ట్ ద్రాక్ష కలపకూడదు. మూడోదాని మీద మోంట్‌సాంట్ డీఓ, ఫల్సెట్ అడ్రసు. ఇది గారె పిండి వైపుది. మూడోది రుచిలో మొదటిదాన్ని మించవచ్చు కూడా. లేబుల్ చెప్పేది ఎక్కడిదని, ఎంత బాగుందని కాదు. క్లోస్ అన్న మాటకూ ఇదే వర్తిస్తుంది. ఫ్రెంచిలో గోడకట్టున్న తోట అని దానర్థం. ఇక్కడ గోడలేమీ ఉండవు. 1989 బృందం పెట్టుకున్న ముచ్చట అది.

ఈ నిచ్చెన మీద వాదోపవాదాలున్నాయి. ఇన్ని వందల పొలం పేర్లు కొనేవాడికి ఎలా గుర్తుంటాయని కొందరి ప్రశ్న. రుచిలో నిజంగా అన్ని తేడాలున్నాయా అని మరికొందరిది. సమర్థించేవాళ్ళు చెప్పేదాంట్లో నాకు నచ్చినది ఒకటుంది. విలువ బ్రాండులో ఉంటే బ్రాండు అమ్ముడుపోయిన రోజున ఊరికి ఏమీ మిగలదు. రెనే బార్బియే పేరుకు పట్టిన గతి చూశాం కదా. విలువ పొలంలో ఉంటే పొలం ఎక్కడికీ పోదు.

నీళ్ళ దగ్గర ఆగిన కథ

ఈ ప్రాంతం ఇప్పుడు ఎక్కువగా మాట్లాడుకునేది వర్గీకరణ గురించి కాదు, వాన గురించి. 2021 నుంచి 2024 దాకా కాటలోనియాను పట్టి పీడించిన కరువులో ప్రియోరాట్ దిగుబడి బాగా పడిపోయింది. లోతు వేళ్ళున్న ముసలి తీగలు తట్టుకుంటాయన్న నమ్మకం కూడా సడలింది. పగుళ్ళలో తడే లేనప్పుడు వేరు ఎంత లోతుకు దిగితే ఏం లాభం? కొన్ని చోట్ల తీగలు నిలువునా ఎండిపోయాయి.

నీళ్ళు పెట్టవచ్చా అన్నది మొదటి వివాదం. ఈ వైన్ గుణమే దాహంలోంచి వచ్చింది, బిందు సేద్యం పెడితే అది పోతుందని ఒక పక్షం. ప్రాణం నిలిపేంత తడి ఇవ్వడం వేరు, దిగుబడి కోసం పారించడం వేరు అని రెండో పక్షం. రెండో వివాదం ఇంకా కష్టమైనది. ప్రియోరాట్ ఊళ్ళ మీదుగా పారాల్సిన సియురానా నదికి ఎగువన జలాశయం ఉంది. అందులోని నీళ్ళు కొండ అవతల రియుదెకాన్యెస్ జలాశయానికి మళ్ళి, రేయుస్ పట్టణానికీ తీరంలోని తోటలకూ వెళతాయి. మా నది మాకు ఎండిపోయిందని ప్రియోరాట్ వాళ్ళ బాధ. తరతరాలుగా ఆ నీటి మీద చట్టబద్ధమైన హక్కు మాది, కాలువకు ఖర్చు పెట్టింది మేము అని తీరం రైతుల మాట. ఎగువా దిగువా తగవులు చూసిన మనకు ఇందులో ఎవరి బాధా కొత్తగా అనిపించదు.

ఎండిన తీగ స్థానంలో కొత్తది నాటడానికి కష్టమేమీ లేదు. మూడు నాలుగేళ్ళలో కాపుకు వస్తుంది. కానీ ప్రియోరాట్ నిబంధనల్లో 'వెల్యెస్ విన్యెస్' అని ఒక మాట ఉంది, ముసలి తీగలు అని. తీగ వయసు 75 ఏళ్ళు దాటితేనో, 1945కు ముందు నాటిందైతేనో గానీ సీసా మీద ఆ మాట రాయకూడదు. కరువు ముగిసిన 2024లో గ్రతాల్యోప్స్ వాలు మీద ఎవరైనా ఒక గర్నాచా మొక్క నాటి ఉంటే, దానికి ఆ మాట 2099లో దక్కుతుంది.